ఫోన్‌తో పెరిగిన పిల్లలకు పాఠం: ఐదు పద్ధతుల్లో మీ తరగతికి ఏది?

తొమ్మిదో తరగతిలో సాంద్రత పాఠం చెబుతున్నాను. చిన్న ఇనుప మేకు నీళ్లలో మునుగుతుంది, అంత పెద్ద ఇనుప ఓడ తేలుతుంది, ఎందుకని అడిగాను. వెనక బెంచీలో ఒకబ్బాయి పది సెకన్లలో ఫోన్‌లో వెతికి ఆర్కిమెడీస్ సూత్రం తప్పు లేకుండా చదివేశాడు. "బాగుంది. మరి అదే ఓడ నదిలోంచి సముద్రంలోకి వెళ్తే కాస్త పైకి లేస్తుందా, ఇంకాస్త కిందికి దిగుతుందా?" అన్నాను. మళ్లీ ఫోన్ వైపు చూశాడు. జవాబుకు కావాల్సిన సూత్రం అతను అప్పుడే చదివాడు. దాన్ని ఎలా వాడుకోవాలో తెలియలేదు.

టెక్నాలజీలో ఆరితేరిన పిల్లలకు ఎలా పాఠం చెప్పాలని తోటి టీచర్లు అడిగినప్పుడల్లా నాకు ఆ అబ్బాయి గుర్తొస్తాడు. ఇలాంటి పిల్లలకు 2001లో అమెరికా రచయిత మార్క్ ప్రెన్‌స్కీ 'డిజిటల్ నేటివ్స్' (డిజిటల్ లోకంలోనే పుట్టి పెరిగినవాళ్లు) అని పేరు పెట్టారు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. వీళ్ల మెదడే వేరు, కాబట్టి బడి మొత్తం మారిపోవాలనే టెన్షన్ కూడా దాంతో పాటే వచ్చింది. 2017లో విద్యా పరిశోధకులు పాల్ కిర్ష్‌నర్, పెడ్రో డి బ్రూకెరె అప్పటిదాకా జరిగిన పరిశోధనలను సమీక్షించి, ఫలానా ఏడాది తర్వాత పుట్టినంత మాత్రాన నేర్చుకునే తీరు మారిపోయిందనడానికి ఆధారాలు లేవని రాశారు. 2016లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెరికాలో మిడిల్ స్కూల్ పిల్లలకు ఒక వెబ్‌సైట్ పేజీ చూపించారు. 'స్పాన్సర్డ్ కంటెంట్' అని స్పష్టంగా రాసి ఉన్న ప్రకటనను 80 శాతానికి పైగా పిల్లలు వార్తే అనుకున్నారు. ఫోన్ మీద వేళ్లు ఎంత వేగంగా కదిలినా, చదివిన దాన్ని తూకం వేయడం విడిగా నేర్పాల్సిన పనే.

అందుకే ఏ యాప్ మంచిదన్న దగ్గర ఈ పోలిక మొదలు కాదు. ఒకే పాఠాన్ని, అదే తేలడం మునగడం పాఠాన్ని, ఐదు పద్ధతుల్లో చెబితే ఏం జరుగుతుందో చూద్దాం.

ముందు కొలతలు

*ఆలోచన ఎవరు చేస్తున్నారు?* అన్నింటికంటే పెద్ద కొలత ఇదే. తెర వెలుగుతోంది, పిల్లలు ఉత్సాహంగా ఉన్నారు, చప్పట్లు కూడా వినిపిస్తున్నాయి. ఆ నిమిషంలో బుర్రకు పని చెబుతున్నది పిల్లలా, యాప్ తయారు చేసినవాళ్లా, టీచరా? ఇక్కడ తప్పిన పద్ధతిని మిగతా కొలతలేవీ కాపాడలేవు.

*అర్థం కాలేదన్న సంగతి నాకు ఎప్పుడు తెలుస్తుంది?* పాఠం మధ్యలో తెలిస్తే సరిదిద్దగలను. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు తెలిస్తే చేయగలిగింది తక్కువ.

*దృష్టి ఎంత చెదురుతుంది?* పదిహేనేళ్ల పిల్లల చదువును దేశాలవారీగా పోల్చే పీసా 2022 సర్వేలో, ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల కూటమి) దేశాల్లో సగటున 65 శాతం విద్యార్థులు, కనీసం కొన్ని లెక్కల క్లాసుల్లోనైనా డిజిటల్ పరికరాలు వాడుతూ తమ దృష్టి మళ్లిందని చెప్పారు. పక్కవాళ్ల తెర వల్ల కూడా నష్టమే. 2013లో కెనడాలో జరిగిన ఒక ప్రయోగంలో, లెక్చర్ వింటూ ల్యాప్‌టాప్‌లో వేరే పనులు చేసినవాళ్లకే కాకుండా, ఆ తెర కనిపించేలా కూర్చున్నవాళ్లకూ మార్కులు తగ్గాయి.

*పరికరం లేని పిల్లాడి సంగతేంటి?* ఇంట్లో ముగ్గురికి ఒకే ఫోన్ ఉండొచ్చు. నెట్ రాత్రిపూటే దొరకొచ్చు. పద్ధతి ఎంత గొప్పదైనా ఆ పిల్లాడిని బయట నిలబెడితే నేను దాన్ని ఎంచుకోను.

*నా సమయం ఎంత పడుతుంది?* మొదటి వారం ఉత్సాహంతో చేసేస్తాం. ఇరవయ్యో వారంలో కూడా చేయగలమా అన్నది అసలు ప్రశ్న.

1. తెరలన్నీ బ్యాగుల్లో, బోర్డు ఒక్కటే

దీన్ని పాత పద్ధతని పక్కన పెట్టేయకండి. పూర్తిగా కొత్త విషయాన్ని మొదటిసారి పరిచయం చేయడానికి, ఒక లెక్కను మెట్టు మెట్టుగా చేసి చూపించడానికి ఇంతకంటే మెరుగైనది నేను చూడలేదు. టీచర్ మాట, టీచర్ చేయి, పిల్లల కళ్లు ఒకే చోట ఉంటాయి. చదివించే విషయంలోనూ కాగితానికి ఇంకా బలం ఉంది. 2018లో 54 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, సమాచారం ఇచ్చే పాఠాలను తెర మీద కంటే కాగితం మీద చదివినప్పుడు కొంచెం బాగా అర్థమైందని తేలింది. గడియారం చూసుకుంటూ చదవాల్సి వచ్చినప్పుడు ఆ తేడా ఇంకా పెరిగింది. కథలకు మాత్రం తేడా కనిపించలేదు.

నోట్స్ చేత్తోనే రాయాలని పట్టుబట్టేవాళ్లకు ఒక మాట. టైప్ చేసిన నోట్స్ కంటే చేత్తో రాసినవే మేలని 2014లో వచ్చిన అధ్యయనం చాలా పేరు తెచ్చుకుంది. కానీ తర్వాత అదే ప్రయోగాన్ని మళ్లీ చేసినవాళ్లకు అంత స్పష్టమైన తేడా రాలేదు. పెన్ను పట్టించడానికి నా కారణం వేరు. నోట్‌బుక్‌లో నోటిఫికేషన్లు రావు.

దీని బలహీనత రెండో కొలత దగ్గర బయటపడుతుంది. నలభై తలలు ఊగుతాయి, అర్థమైందనుకుంటాం. దీనికి ఖర్చు లేని మందు ఒకటుంది. పదిహేను నిమిషాలకోసారి ఆపి, నోట్‌బుక్ మూయించి, ఖాళీ కాగితం మీద గుర్తున్నది రాయమనండి. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లదే పైచేయి. వీడియోను రెండోసారి చూసి 'నాకు వచ్చేసింది' అనుకునే పిల్లలకు ఈ ఫలితం తప్పకుండా చెప్పండి. నేను చెప్పిన ప్రతిసారీ క్లాసులో ఇద్దరు ముగ్గురైనా "అందుకేనా నాకు పరీక్షలో గుర్తు రావట్లేదు" అన్నారు.

2. ప్రశ్న, ఓటు, వాదన, మళ్లీ ఓటు

ఐదింటిలో ఒక్కటే తీసుకోమంటే నేను దీన్నే తీసుకుంటాను.

హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో ఈ పద్ధతికి రూపం ఇచ్చారు. తన విద్యార్థులు కష్టమైన లెక్కలు చేసేస్తూనే, వాటి వెనక ఉన్న మామూలు ప్రశ్నకు తప్పు జవాబు చెప్పడం చూశాక ఆయన లెక్చర్ తీరు మార్చుకున్నారు. పద్ధతి చాలా సులువు. ఒక ప్రశ్న, మూడు నాలుగు జవాబులు. ఎవరికి వాళ్లు ఆలోచించి ఓటు వేస్తారు. దాదాపు 30 నుంచి 70 శాతం మంది సరైనది చెబితే, జవాబు బయటపెట్టకుండా పక్కవాళ్లను ఒప్పించమంటాం. రెండు మూడు నిమిషాలయ్యాక మళ్లీ ఓటు. అంతకంటే తక్కువ మంది చెప్పగలిగితే ఆ భాగం మళ్లీ చెప్పాలి. ఎక్కువ మంది చెబితే క్లుప్తంగా వివరించి ముందుకు పోవచ్చు.

మన పాఠంలో నేను వాడే ప్రశ్న ఇది. చిన్న కుంటలో ఒక పడవ, పడవలో ఒక బండరాయి. రాయిని తీసి నీళ్లలో వేస్తే అది మునిగిపోయింది. కుంటలో నీటి మట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా? ఎప్పుడు అడిగినా ఓట్లు మూడు ముక్కలవుతాయి. ఆ తర్వాత క్లాసులో వచ్చే గోల వినడం నాకు చాలా ఇష్టం. "రాయి నీళ్లలో పడింది కదా, పెరగాల్సిందే" అని ఒకరు. "ముందు కూడా దాని బరువు నీళ్ల మీదే ఉంది కదా" అని ఇంకొకరు. జవాబు, తగ్గుతుంది. పడవలో ఉన్నంతసేపు రాయి తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెడుతుంది. అడుగుకు చేరాక తన పరిమాణమంత నీటినే నెడుతుంది, రాయి సాంద్రత నీటికంటే ఎక్కువ కాబట్టి అది ముందుకంటే తక్కువ నీరు. దీన్ని పక్కవాడికి విడమరచి చెప్పిన పిల్లకు సాంద్రత నిర్వచనం బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఓటు వేయించడానికి ఫోన్ యాప్‌లు ఉన్నాయి. పిల్లలు కార్డులు పైకెత్తితే టీచర్ తన ఒక్క ఫోన్‌తో స్కాన్ చేసే పద్ధతీ ఉంది. అదీ లేకపోతే ఏ, బీ, సీ, డీ రాసిన కాగితాలు చాలు, ఒకరిది ఒకరు చూడకుండా అందరూ ఒకేసారి ఎత్తాలి. అంటే పరికరం లేని పిల్లాడు కూడా సమానంగా ఆడతాడు. ఫోన్లు బయటకు తీయించినా అవి చేతిలో ఉండేది ఒక్క నిమిషమే.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. వేగానికి పాయింట్లు ఇచ్చే లీడర్‌బోర్డును ఆపేయండి. అది ఉన్నప్పుడు పిల్లలు ముందు నొక్కి తర్వాత ఆలోచిస్తారు, నెమ్మదిగా ఆలోచించే పిల్ల రెండో వారానికే వదిలేస్తుంది. ఇక మంచి ప్రశ్న దొరకడమే ఇందులో నిజమైన కష్టం. 'సాంద్రతకు సూత్రం ఏది?' అన్న ప్రశ్న మీద ఎవరూ వాదించుకోరు. తప్పు జవాబుల్లో ఒక్కటైనా చూడగానే నిజమనిపించాలి. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు పిల్లలు రాసిన తప్పులను ఒక పుస్తకంలో ఎక్కించుకుంటూ ఉండండి, అవే వచ్చే ఏడాది మీ ప్రశ్నలవుతాయి.

3. పాఠం ఇంట్లో, హోంవర్క్ బడిలో

ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అంటారు. 2007లో అమెరికాలోని కొలరాడోలో జోనథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు, క్లాసులకు రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడంతో దీనికి పేరొచ్చింది. పిల్లలు ఇంట్లో వీడియో చూసి వస్తారు, క్లాసులో లెక్కలు, చర్చ, ప్రయోగం చేస్తారు. చిక్కుముడి పడే సమయానికి టీచర్ పక్కనే ఉంటారన్నది ఇందులోని గొప్ప ఆలోచన.

నా అనుభవంలో ఇది గెలిచేదీ ఓడేదీ ఒకే చోట: వీడియో చూడకుండా వచ్చిన పిల్లల విషయంలో మీరు ఏం చేస్తారన్న దగ్గర. మొదటి ఏడాది నేను జాలిపడి వాళ్ల కోసం పాఠం క్లుప్తంగా మళ్లీ చెప్పేదాన్ని. మూడో వారానికి చూసి వచ్చే పిల్లలు కూడా చూడటం మానేశారు. క్లాసులో ఎలాగూ చెబుతారని వాళ్లకు అర్థమైపోయింది, తప్పు వాళ్లది కాదు. తర్వాతి ఏడాది మార్చాను. చూడని పిల్లలు క్లాసులోనే ఒక మూల కూర్చుని వీడియో చూడాలి లేదా పుస్తకంలో ఆ రెండు పేజీలు చదవాలి, ఆ తర్వాతే గుంపులోకి. తిట్టు లేదు, మార్కుల కోత లేదు. ఒక నెలలో మూల దాదాపు ఖాళీ అయింది.

వీడియో చిన్నగా ఉండాలి. ఎడ్ఎక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో రాసిన పరిశోధన ప్రకారం, వీడియో ఎంత పొడవున్నా కనీసం సగం వీక్షణలు ఆరు నిమిషాల లోపే ముగిశాయి. కాబట్టి పాఠాన్ని ఐదారు నిమిషాల ముక్కలు చేసి, ప్రతి ముక్క చివర ఒక ప్రశ్న పెట్టండి. ఆ జవాబు కాగితం మీద రాసుకొస్తేనే చూసినట్టు. నెట్ లేని పిల్లలకు అదే విషయం అచ్చు కాగితంలో ఇవ్వాలి, అదీ అడగకముందే. అందరి ముందూ 'మాకు నెట్ లేదు టీచర్' అని చెప్పించడం ఏ పిల్లకూ పెట్టకూడని పరీక్ష.

4. ప్రతి చేతిలో ఒక పరికరం

దీంట్లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలు. భౌతికశాస్త్రంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ అనే వెబ్‌సైట్‌లో సైన్స్ ప్రయోగాలున్నాయి, 2001లో మొదలైన జియోజీబ్రా అనే సాఫ్ట్‌వేర్‌లో గణితం ఉంది. ఈ రెండూ బడులకు ఉచితమే. ఒకే పరిమాణంలో ఉన్న చెక్క, ఇటుక, ఐసు దిమ్మలను నీళ్లలో వేసి చూడటం, ద్రవాన్ని మార్చడం, పైకీ కిందికీ పనిచేసే బలాలను బాణాలుగా చూడటం బోర్డు మీద చేయలేం. ఒక్క నియమం పెట్టుకోండి: మీట నొక్కే ముందు ఏం జరుగుతుందో కాగితం మీద రాయాలి. అది లేకపోతే పిల్లలు అన్ని దిమ్మలనూ నీళ్లలో పడేసి నవ్వుకుని వచ్చేస్తారు.

రెండోది, పిల్లాడి స్థాయిని బట్టి లెక్కలు ఇచ్చే అభ్యాస యాప్‌లు. గుణకారం, భిన్నాలు, వ్యాకరణం లాంటి సాధనకు, ఒకే తరగతిలో స్థాయిలు బాగా వేరుగా ఉన్నప్పుడు పనికొస్తాయి. అందరినీ గంటసేపు వాటి ముందు కూర్చోబెట్టే బదులు, మూడు గుంపులు చేసి ఒక గుంపును తెర దగ్గర, ఒకదాన్ని మీ దగ్గర, ఒకదాన్ని కాగితం పని దగ్గర పదిహేనేసి నిమిషాలు తిప్పండి. పరికరాలు మూడో వంతు ఉంటే సరిపోతుంది.

5. పిల్లలే తయారు చేసే ప్రాజెక్టు

అల్యూమినియం రేకుతో పడవ చేసి, ఎన్ని నాణేలు మోస్తుందో చూసి, ఎందుకు మునిగిందో రెండు నిమిషాల వీడియోలో చెప్పమన్నాను. వీడియో ఎడిటింగ్‌లో వాళ్లు నాకు నేర్పారు. సాంకేతిక నైపుణ్యం నిజంగా ఉన్న పిల్లలు వెలిగేది ఇక్కడే, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల కెమెరా వెనక నాయకురాలు కావడం చూశాను. కానీ సమయం బాగా తింటుంది. మార్కులు ఎడిటింగ్‌కు పోతాయో, వివరణకు పోతాయో ముందే చెప్పకపోతే మంచి సంగీతం ఉన్న బలహీనమైన వీడియోలు వస్తాయి. టర్మ్‌కు ఒకటి చాలు, నా లెక్కలో.

నెట్‌లో వెతికే ప్రాజెక్టు అయితే ఒక అలవాటు నేర్పండి: పేజీని చివరిదాకా చదివే ముందు కొత్త ట్యాబ్ తెరిచి, ఈ సైట్ ఎవరిది, వీళ్ల గురించి మిగతావాళ్లు ఏమంటున్నారు అని చూడటం. వృత్తిగా నిజనిర్ధారణ చేసేవాళ్లు సరిగ్గా ఇలాగే చేస్తారు.

పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | ఆలోచన ఎవరిది | అర్థం కాలేదని తెలిసేది | దృష్టి చెదరడం | పరికరం లేకపోతే | టీచర్ తయారీ |
|---|---|---|---|---|---|
| బోర్డు ఒక్కటే | ఎక్కువగా టీచర్‌ది | ఆలస్యంగా | తక్కువ | ఇబ్బంది లేదు | తక్కువ |
| ఓటు, వాదన | పిల్లలది | అక్కడికక్కడే | తక్కువ | కాగితం చాలు | ప్రశ్నకు మాత్రమే |
| ఫ్లిప్డ్ | క్లాసులో పిల్లలది | క్లాసు మొదట్లో | ఇంట్లో ఎక్కువ | అచ్చు కాగితం తప్పనిసరి | మొదటి ఏడాది చాలా ఎక్కువ |
| చేతికో పరికరం | నియమాన్ని బట్టి | యాప్ చూపిస్తే వెంటనే | ఎక్కువ | గుంపులుగా తిప్పాలి | మధ్యస్థం |
| ప్రాజెక్టు | పిల్లలది, గుంపులో అందరిదీ కాకపోవచ్చు | చివర్లో | మధ్యస్థం | గుంపుకొకటి చాలు | ఎక్కువ |

ఏఐ సంగతి

దీన్ని ఆరో పద్ధతిగా పెట్టలేదు, ఎందుకంటే మీరు ఎంచుకున్నా ఎంచుకోకపోయినా అది తరగతిలోకి వచ్చేసింది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ విడుదలైనప్పటి నుంచి ఇంటి దగ్గర రాసే వ్యాసం ఎవరు రాశారో చూసి చెప్పలేం.

తుర్కియేలో ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యి మంది మీద జరిగిన ప్రయోగం ఫలితాలు 2025లో ప్రచురించారు. టీచర్లందరూ చదవదగ్గ ఫలితాలవి. లెక్కల సాధనలో మామూలు చాట్‌బాట్ వాడిన పిల్లలు, ఏదీ వాడని పిల్లల కంటే 48 శాతం మెరుగ్గా చేశారు. జవాబు చెప్పకుండా సూచనలే ఇచ్చేలా తయారు చేసిన చాట్‌బాట్ వాడినవాళ్లు 127 శాతం మెరుగు. తర్వాత అన్నీ తీసేసి పరీక్ష పెడితే, మామూలు చాట్‌బాట్ వాడినవాళ్లు ఏదీ వాడనివాళ్ల కంటే 17 శాతం వెనకబడ్డారు. సూచనలిచ్చే రకం వాడినవాళ్లకు ఆ నష్టం దాదాపు లేదు, కానీ ప్రత్యేక లాభమూ కనిపించలేదు. ఒకే పరికరం, జవాబు ఇస్తుందా సూచన ఇస్తుందా అన్నదే ముఖ్యమైన తేడా. మొదటి కొలతను అన్నింటికంటే పైన పెట్టింది ఇందుకే.

నేను చేసేది ఇది. పడవ, బండరాయి ప్రశ్నకు ఏఐ ఇచ్చిన జవాబును బోర్డు మీద పెట్టి, ఇందులో ప్రతి వాక్యం ఒప్పా తప్పా, కారణం చెప్పండి అంటాను. ఇంటికిచ్చే పని మీద మార్కులు తగ్గించి, దాని గురించి క్లాసులో రెండు నిమిషాలు నోటితో చెప్పడానికి మార్కులు పెంచాను. ఎవరినీ దొంగను పట్టుకున్నట్టు పట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

మీరు ఎవరైతే ఏది

కొత్తగా టీచర్ అయ్యారా? మొదటి రెండు పద్ధతులతోనే ఏడాది గడపండి. బోర్డు మీద చెప్పడం, మధ్యలో రెండు ఓటు ప్రశ్నలు. ఫ్లిప్డ్ వీడియోల జోలికి ఇప్పుడే వెళ్లకండి, రాత్రిళ్లు రికార్డింగ్‌లతో అలసిపోయి పగలు పిల్లల మాట వినే ఓపిక ఉండదు.

అరవై మంది ఉన్న తరగతా? ఓటు పద్ధతి పెద్ద తరగతిలోనే ఇంకా బాగా పనిచేస్తుంది, మజూర్ మొదలుపెట్టింది కూడా పెద్ద లెక్చర్ హాల్లోనే. ప్రాజెక్టులు మాత్రం ఐదుగురి గుంపుకు ఒకటి చొప్పున, ప్రతి ఒక్కరినీ విడిగా ఒక ప్రశ్న అడిగే షరతుతో పెట్టండి.

ఒకే తరగతిలో ఇద్దరు ముందుకు పరుగెత్తుతూ, పది మంది రెండేళ్లు వెనకబడి ఉన్నారా? మూడు గుంపుల తిప్పుడు మీకు సరిపోతుంది. అందులో మీరు కూర్చునే గుంపు వెనకబడినవాళ్లదే కావాలి. వాళ్లను యాప్‌కు అప్పగించి చురుకైన పిల్లలతో కూర్చోవడం హాయిగా ఉంటుంది, ఆ హాయికి లొంగకండి.

భాష, సాంఘికశాస్త్రం చెప్పేవాళ్లకు సిమ్యులేషన్లు పెద్దగా పనికిరావు. కొత్త ట్యాబ్ అలవాటు, ఏఐ జవాబును విడగొట్టడం, మౌఖిక వివరణ మీకు ఎక్కువ ఉపయోగం. కవిత చదివించేటప్పుడు అన్నీ మూసేయించండి.

ప్రధానోపాధ్యాయులైతే, ట్యాబ్‌లు కొనే ముందు ఒక్క పని చేయండి. ముగ్గురు టీచర్లకు వారానికొక ఖాళీ పీరియడ్ ఇచ్చి, ఒక పాఠానికి ఐదు మంచి ఓటు ప్రశ్నలు కలిసి తయారు చేయమనండి. టర్మ్ చివరికి ఆ ప్రశ్నల పుస్తకం ఎంత లావైందో చూశాక, ట్యాబ్‌లు ఏ పాఠాలకు నిజంగా కావాలో ఆ టీచర్లే మీకు చెబుతారు.

ఏది ఎంచుకున్నా మూడు వారాలు ఆగి ఒక చిన్న పరీక్ష పెట్టండి, ముందు చెప్పకుండా, మార్కులు లేకుండా. మొదటి వారం పాఠంలోంచి ఒక్క ప్రశ్న చాలు. నేనైతే ఇది అడుగుతాను: అంచుదాకా నింపిన గ్లాసు నీళ్లలో ఐసు ముక్క తేలుతోంది, కరిగాక నీళ్లు పొర్లుతాయా? మామూలు నీళ్లయితే పొర్లవు. ఆ జవాబు చాలామంది చెబుతారు, నెట్‌లో కూడా దొరుకుతుంది. వెంటనే రెండోది అడగండి: గ్లాసులో ఉన్నవి ఉప్పునీళ్లయితే? ఈసారి పొర్లుతాయి. దానికి కారణం సొంత మాటల్లో ఎంతమంది రాశారో లెక్కపెట్టి, ఆ సంఖ్యను బట్టి నాలుగో వారం పద్ధతి నిర్ణయించుకోండి.